కళ్ళు మూస్తే మోగే గంట

సముద్రపు గాలికి ఊళ్ళన్నీ సగం నిద్రలో ఉన్నట్టుండే ఓ చిన్న రాజ్యంలో, సాంబమూర్తి అనే ఆసామికి మొగలిపూల అత్తరు బట్టీ ఉండేది. అందులో కూలికి పనిచేసే పైడితల్లీ, మరో నలుగురూ పూలు ఉడికే బానల దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని ఆవిరి వాసన చూస్తూ, అదను కుదరగానే మంట తీసేసేవారు.

సాంబమూర్తికి అది కునుకులా కనిపించింది. "కూలిచ్చి మరీ నిద్రపుచ్చుతానా?" అని ఓ ఇత్తడి గంట కొన్నాడు. ఎవరి కళ్ళు మూతపడితే వాళ్ళ చెవి దగ్గర ఆయన గంట మోగించేవాడు, ఆ పూట కూలి పోయేది. అందరూ కళ్ళు విప్పార్చుకునే కూర్చున్నారు. అదను తప్పి అత్తరు మాడువాసన కొట్టింది. రాణివాసం నుంచి జాడీలు తిరిగొచ్చాయి, ఇంకోసారి ఇలాగైతే బేరం వేరేచోటికేనన్న కబురుతో సహా.

సాంబమూర్తి మండిపడుతుంటే, పైడితల్లి ఓ పాత అత్తరు కుప్పె మూత తీసి అందించింది. "ఇది గంట రాకముందు తీసిందండి. తేడా ఏమిటో మీరే చెప్పాలి."

ఆయన గంట పక్కన పెట్టి కుప్పె అందుకున్నాడు. వెన్నెల్లో తడిసిన మొగలిపొద పక్కన నిలబడ్డట్టయింది. తెలియకుండానే కళ్ళు మూతపడ్డాయి.

చెవి దగ్గర గంట మోగింది.

"నిద్రపోతున్నాననుకున్నావా? వాసన చూస్తున్నాను," అని కసిరాడు.

"మేమూ అదే చేసేవాళ్ళమండి," అంది పైడితల్లి, గంట ఆయన చేతిలో పెడుతూ.

మర్నాటి నుంచి ఆ గంట, ఇసుకదిబ్బల మీద, సాంబమూర్తిగారి దూడ మెడలో మోగింది.