కట్టుకన్నులమ్మ కొండ

పూర్వం ఈ సీమను పోతమాంబ అనే రాణి ఏలేది. ఏలడమంటే సింహాసనం మీద కూర్చుని వింజామర వీయించుకోవడం కాదు సుమండీ, గుర్రమెక్కి గూడెం గూడెం తిరిగిన మనిషి ఆవిడ. కొండగూడేలలో పసిబిడ్డల కళ్ళకు తెల్లని పొరలు కమ్మి, పట్టుమని పదేళ్ళు నిండకుండానే చూపు పోవడం స్వయంగా చూసింది. ఆ బిడ్డలకు చూపు ప్రసాదించమని వేడుకుంటూ కొండమీద అమ్మవారికి ఆలయం కట్టించ సంకల్పించి, ఒంటిమీది నగలన్నీ ఒలిచి ఇచ్చి, శిఖరం లేచేదాకా ఒంటిపూట భోజనంతో దీక్ష పట్టింది. అంతటితో ఊరుకోక, శరభయ్య అనే కంటివైద్యుణ్ణి దూరదేశం నుంచి సగౌరవంగా రప్పించి గూడేలకు పంపింది.

ప్రతిష్ఠ రోజు రానే వచ్చింది. విగ్రహం కన్నులకు పట్టువస్త్రం కట్టి ఉంది. ముహూర్తానికి శిల్పాచార్యుడు ఆ కట్టు విప్పి, బంగారుసూదితో కనుపాపలు గీసి తల్లికి చూపు తెరవాలి. ఆ ఘడియ దాటిందా, విగ్రహాన్ని ఏట్లో కలిపివేయడం ఈ సీమ ఆచారం. మంగళవాద్యాలు మోగుతుండగా శరభయ్య తడిబట్టలతో పరుగున వచ్చాడు. వెనుకనే సోములమ్మ అనే గూడెపు ఇల్లాలు, ఆమె చంకలో చిన్నాలు అనే కూతురు. వాగు దాటుతుండగా వైద్యుడి సూదులపెట్టె కొట్టుకుపోయిందట. పాపకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాని పొర ఆ పూటే తొలగించకపోతే అదీ దక్కదట. ఆచార్యుడి చేతిలోని బంగారుసూది తప్ప అంత సన్నని సూది చుట్టుపక్కల మరొకటి లేదు, అదే ఇమ్మని వైద్యుడు వేడుకున్నాడు.

"మనిషి నెత్తురు తగిలిన సూది దేవతకు పనికిరాదు. దేవత కన్ను తెరిచిన సూదిని పీఠం కిందనే పాతిపెట్టాలి" అని ఆచార్యుడు ఖండితంగా చెప్పేశాడు.

పోతమాంబ సూదివంక, పాపవంక మార్చిమార్చి చూసింది. ఇద్దామంటే అన్నేళ్ళ దీక్ష గంగపాలవుతుంది, కాదందామంటే ఎదురుగా పసిది. అప్పుడు సోములమ్మ, "ఈ గుడి ఎవరికోసం కట్టించావు దొరసానీ?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు పాపం, నిజంగా తెలియకే అడిగింది.

రాణి చివాలున లేచింది. ఆచార్యుడి చేతిలోని సూది తీసి వైద్యుడికిచ్చి, పాపను తన ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల కదలకుండా తానే పట్టుకుంది. ఆహా, రాణి అంటే అదీ! పొర తొలగి కన్నుకు కట్టు పడేసరికి ముహూర్తం కాస్తా దాటిపోయింది. జనం గొల్లుమన్నారు. పాప కట్టు విప్పేదాకా విగ్రహం జోలికి ఎవరూ పోరాదని రాణి ఆజ్ఞాపించింది.

కట్టు విప్పిన రోజున చిన్నాలు ముందు వాళ్ళమ్మ ముఖాన్ని తడిమి తడిమి చూసుకుంది. తరువాత అమ్మవారి దగ్గరికి నడిచివెళ్ళి, ఆ పట్టువస్త్రం ముట్టుకుని, "మరి ఈయమ్మకెప్పుడు విప్పుతారు?" అంది.

పోతమాంబకు కన్నీళ్ళు ఆగలేదు. అయినా తల ఎత్తే చెప్పింది: "ఈ కొండల్లో చూపులేని బిడ్డ ఒక్కరున్నా మా అమ్మ తన కట్టు విప్పించుకోదురా తల్లీ. అందరూ చూశాకే తాను చూస్తుంది."

ఆ మాట తరువాత, ఆచారం తప్పకూడదని విగ్రహాన్ని ఏటికి మోయబోయిన వస్తాదులు ఎంత పెనుగులాడినా అది వెంట్రుకవాసి కదలలేదు. ఆచార్యుడే సాష్టాంగపడి, కన్నులకు కట్టు ఉండగానే ప్రతిష్ఠ చేశాడు. నాటినుంచి ఆ తల్లి కట్టుకన్నులమ్మ అయింది, ఇది కట్టుకన్నులమ్మ కొండ అయింది.

నేటికీ గర్భగుడిలో ఆ కట్టు అలాగే ఉంది. మాఘమాసపు జాతరకు ఊళ్ళనుంచి కంటివైద్యులు తరలివచ్చి, మండపంలో పిల్లల కళ్ళు ఉచితంగా చూసి, కళ్ళజోళ్ళిచ్చి, అవసరమైనవారిని ఆపరేషనుకు తమ బండిలోనే తీసుకువెళ్తారు. అన్నిచోట్లా దేవతలకు కళ్ళుంటాయి, మాకు మాత్రం మాట మీద నిలబడ్డ తల్లి ఉంది. జాతర చివర అర్చకుడు కట్టు ముడిమీద చేయివేసి, "విప్పమంటారా?" అని జనాన్ని అడుగుతాడు. "ఇంకా ఉన్నారు, ఆగు తల్లీ!" అని కొండ దద్దరిల్లేలా అరిచి, గూడేలవాళ్ళు ఆ ఏడు చూపు రావలసిన బిడ్డలను భుజాలమీదికెత్తుకుని ముందుకు వస్తారు.