తన మీద తానే జోకులేసుకున్న కొమ్ముపిట్ట

అనగనగా ఒక అడవిలో... ఏ అడవి అని అడక్కండి. నాకు తెలియదు. తెలిసినట్టు ఏదో పేరు చెప్పేస్తే మీలో ఎవరో ఒకరు పటం తెచ్చి నన్ను నిలదీస్తారు. కాబట్టి ఒక అడవి. చెట్లున్నాయి, వాగుంది. మన కథకు అంతకంటే అడవి అక్కర్లేదు.

ఆ అడవిలో కొమ్మయ్య అనే కొమ్ముపిట్ట ఉండేవాడు. కొమ్ముపిట్టంటే ఒంటికి సరిపడని పెద్ద ముక్కున్న పక్షి. ఆ ముక్కు మీద ఇంకో ముక్కు తెచ్చి పెట్టినట్టు ఒక కొమ్ము కూడా ఉంటుంది. నా ముక్కు చూసి మీరు చాటుగా నవ్వుకుంటారని నాకు తెలుసులెండి. కొమ్మయ్యను చూస్తే నాది అసలు ముక్కే కాదంటారు.

కొమ్మయ్య భార్య పేరు మాణిక్యం.

ఈ పక్షులకొక ఆచారం ఉంది. ఇది మాత్రం నేను కల్పించింది కాదు. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్ళి కూర్చుంటుంది. పాములూ ఉడుములూ రాకుండా తొర్ర వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల ఉండగా దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. అన్నాళ్ళూ మగపిట్టే పండ్లు ఏరుకొచ్చి ఆ సందులోంచి అందించాలి. అతను తెస్తే తిండి, తేకపోతే పస్తు.

అలాగే మాణిక్యం తొర్రలో కూర్చుంది. గుడ్లు పొదిగింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పెద్దది గట్టిగా ఉంది. చిన్నది మాత్రం బక్కది, పాపం.

కొమ్మయ్య చెడ్డవాడు కాదు. పెళ్ళాం పిల్లలంటే అతనికి ప్రాణం. కాకపోతే ఇంకొకటి కూడా ప్రాణం. అదే మాటల సభ.

వాగు పక్కన ఒక పెద్ద బండ ఉంది. రోజూ పొద్దు వాలే వేళకు అడవిలోని తెలివైనవాళ్ళంతా దాని మీద చేరేవారు. తాబేలు వేదాంతం చెప్పేవాడు. కొండముచ్చు నాటకాలు కట్టేవాడు. కొమ్మయ్య కవి. కుందేళ్ళూ జింకలూ ఉడతలూ వినేవాళ్ళు. అంటే నాబోటివాళ్ళన్నమాట, అర్థం కాకపోయినా తల ఊపేవాళ్ళు.

తాబేలు మెడ బయటికి చాపి, "ఇల్లు వీపున మోసేవాణ్ణి నేను. అయినా నీ ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగితే ఆలోచనలో పడతాను" అనేవాడు.

"ఏమన్నాడు?" అని ఒక జింక పక్క జింకను అడిగేది.

"తెలీదు. చాలా లోతుగా ఉంది" అనేది రెండోది.

కొండముచ్చు తోక విదిలించి, "లోకంలో ఉన్నవి రెండే నాటకాలు. ఒకదాంట్లో చివరికి అరటిపండు దొరుకుతుంది. రెండోదాంట్లో దొరకదు. జనం ఎగబడేది రెండోదానికే" అనేవాడు.

కొమ్మయ్య దారి వేరు. అందరూ ఎదుటివాళ్ళను ఎగతాళి చేస్తే, అతను తనను తానే ఎగతాళి చేసుకునేవాడు. "సభకు ముందుగా నా ముక్కు వస్తుంది. కాసేపటికి నేను వస్తాను. నా బుద్ధి మాత్రం దారి అడుగుతూ ఇంకా ఎక్కడో వస్తూనే ఉంటుంది" అనేవాడు. బండంతా నవ్వులే. తన తప్పులు తానే చెప్పుకునేవాణ్ణి ఎవరు తిడతారు చెప్పండి?

ఒకరోజు కొమ్మయ్య గొంతు నిండా మేడిపండ్లు నింపుకుని ఇంటికి పోతున్నాడు. కింద సభ కనిపించింది. 'ఒక్క మాట విని పోదాం' అని దిగాడు. వింటే ఊరుకోగలడా? తనకూ ఒక మాట తోచింది. గొంతులో పండ్లుంటే మాట ఎలా వస్తుంది? పండ్లన్నీ బండ మీద దించాడు. మాట్లాడాడు. అందరూ పడిపడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఎవరో ఒక పండు నోట్లో వేసుకున్నారు. ఇంకెవరో ఇంకోటి వేసుకున్నారు. తిరిగి చూసేసరికి సగమే మిగిలాయి.

"ఏమయ్యా, ఇంత ఆలస్యమైందేం? పండ్లు ఇవేనా?" అంది మాణిక్యం సందులోంచి.

"ఏం చెప్పను మాణిక్యం! దేవుడు నా ముక్కు చేస్తూ చేస్తూ సరుకంతా దానికే వాడేశాడు. బుద్ధి దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ!"

మాణిక్యం పకపకా నవ్వింది. "నీతో ఎట్లా వేగాలయ్యా!" అంది. ఉన్న పండ్లు పిల్లలకు పెట్టింది. తనకు మిగల్లేదు. నవ్వించిన సంబరంలో కొమ్మయ్య అది గమనించనే లేదు.

మర్నాడు మళ్ళీ సభ, మళ్ళీ ఒక్క మాట. ఈసారి గుప్పెడు పండ్లు కూడా మిగల్లేదు.

"చిన్నది నోరు తెరవడానిక్కూడా ఓపిక లేకుండా ఉందయ్యా" అంది మాణిక్యం. గొంతులో నవ్వు లేదు.

"నా అంత పనికిమాలిన మొగుడు ఈ అడవిలో ఉండడు మాణిక్యం. పోటీ పెడితే మొదటి బహుమతి నాదే. కాకపోతే దాన్ని అందుకోవడానికి కూడా ఆలస్యంగానే పోతాను!"

మాణిక్యం నవ్వకూడదనుకుంది. అయినా నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద ఆమెకే కోపం వచ్చింది.

"నీ మాటలు నాకిష్టమే. అవి వినే కదా నిన్ను చేసుకున్నాను. కానీ పిల్లలకు మాటలింకా తెలియవు. ఆకలొక్కటే తెలుసు. రేపు ఎక్కడా దిగకుండా నేరుగా ఇంటికి రా."

"నీ మీద ఒట్టు, నేరుగా వస్తాను" అన్నాడు కొమ్మయ్య. నిజంగానే అన్నాడు. అంటూనే, మొదటి బహుమతి మాట భలే కుదిరింది కదా, సభలో చెప్పాలి అనుకున్నాడు.

మూడోరోజు పొద్దున్నుంచీ వాన. పండిన చెట్టు దొరికేసరికి సాయంత్రమైంది. గొంతు నింపుకుని వానలోనే ఇంటికి బయల్దేరాడు. వాన పడుతున్నా సభ ఆగలేదు. బండ పక్కనున్న గుహలో చేరారు.

"కొమ్మయ్యా! వాన వెలిసేదాకా ఉండి పోవయ్యా. ఒక్కటి చెప్పు చాలు" అని పిలిచాడు కొండముచ్చు.

కొమ్మయ్యకు ఇల్లు గుర్తుంది. ఒట్టూ గుర్తుంది. అయినా మొదటి బహుమతి మాట నోటి చివరిదాకా వచ్చి ఉంది. 'ఒక్కటే' అనుకుని దిగాడు. పండ్లు దించాడు. మాట చెప్పాడు. గుహ మారుమోగింది. ఇక ఆగుతాడా? ఇంకొకటి చెప్పాడు. ఆపైన మరొకటి.

అక్కడ తొర్రలో చిన్నది మెడ వాల్చేసింది. మాణిక్యం సందులోంచి ఎంతసేపో చూసింది. వాన తప్ప ఏమీ రావడం లేదు. ఆమెకు భయం వేసింది. ఆ భయంలోంచి తెగింపు వచ్చింది. తాను కట్టుకున్న గోడను తానే ముక్కుతో పొడిచి పగలగొట్టింది. "చప్పుడు చేయకుండా చెల్లెలి దగ్గర కూర్చో" అని పెద్దదానికి చెప్పింది. ఈకలు లేని రెక్కలతో కొమ్మ నుంచి కొమ్మకు పడుతూ లేస్తూ నేలకు దిగింది. ఎటు పోవాలో తెలియలేదు. వాగు వైపు నుంచి నవ్వులు వినిపించాయి. నలుగురున్న చోట ఒక పండైనా దొరకదా అని అటు నడిచింది.

గుహలో కొమ్మయ్య అప్పుడే అంటున్నాడు. "మా ఆవిడ తొర్రకు గోడ ఎందుకు కట్టుకుందనుకున్నారు? పాములకు భయపడా? కాదు, నా మాటలు వినలేక!"

అందరూ పొర్లి పొర్లి నవ్వారు. వాకిలి దగ్గరున్న కుందేలు ముందుగా నవ్వాపింది. పక్కనున్న జింక ఆపింది. అలా ఒక్కొక్కరే ఆపేశారు.

వాకిట్లో మాణిక్యం నిలబడి ఉంది. ఒళ్ళంతా బురద. రెక్కల్లో ఈకలు లేవు. చలికి వణుకుతోంది.

"అయ్యా, ఎవరి దగ్గరైనా ఒక పండుంటే ఇప్పించండి. మా చిన్నది పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అంది.

ఆమె కాళ్ళ దగ్గర మేడిపండ్ల తొడిమలు పడి ఉన్నాయి. ఉడత బుగ్గలో దాచుకున్న పండును మింగలేక, కక్కలేక తల దించుకుంది. తాబేలు ఏదో చెప్పబోయి మెడ లోపలికి లాక్కున్నాడు. ఇన్నేళ్ళ వేదాంతంలో ఆ సమయానికి పనికొచ్చే మాట ఒక్కటీ అతనికి దొరకలేదు.

అప్పుడు మాణిక్యం కొమ్మయ్యను చూసింది.

"నువ్విక్కడే ఉన్నావా" అంది.

తిట్టలేదు, ఏడవలేదు. అంతే అంది. కొమ్మయ్య అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. నాలుక మీద ఒక చమత్కారం సిద్ధంగా ఉంది కూడా. తన మీద తను అంతవరకూ వేసుకోనంత మంచిది. దాన్ని మింగేశాడు. వానలోకి ఎగిరిపోయాడు.

అతను మళ్ళీ పండ్లు ఏరుకుని తమ చెట్టు చేరేసరికి ఒక ఉడుము మాను మీద సగం దూరం పాకింది. ముక్కుతో పొడిచి పొడిచి దాన్ని కింద పడేశాడు. పెద్దది నోరు తెరిచింది, పండు పెట్టాడు. చిన్నది తెరవలేదు. పండును నలిపి రసం చుక్క చుక్కగా దాని నోటి అంచున వదిలాడు. వదులుతూనే కూర్చున్నాడు.

కొండముచ్చు మాణిక్యాన్ని భుజాన ఎక్కించుకుని చెట్టెక్కించాడు. అతను కట్టిన నాటకాలన్నిటికంటే అదే బాగుందని నా అభిప్రాయం. కుందేళ్ళు మట్టి తవ్వి ఇచ్చాయి. మాణిక్యం లోపలి నుంచి, కొమ్మయ్య బయటి నుంచి గోడ కట్టారు. తాబేలు కూడా మట్టి తెచ్చాడు. అతను చేరేసరికి తెల్లారింది, గోడ అయిపోయింది. అయినా తెచ్చాడు కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

తెల్లవారాక చిన్నది నోరు తెరిచింది. చూసి మాణిక్యం ఏడ్చింది.

కొమ్మయ్య సందు దగ్గరికి వచ్చాడు. "తప్పు చేశాను మాణిక్యం" అన్నాడు.

ఆ మాటకు తోకగా ఒక చమత్కారం వస్తుంది కదా అని మాణిక్యం ఎదురు చూసింది. ఎంతకీ రాలేదు. సందులోంచి ముక్కు బయటపెట్టి చూస్తే, కొమ్మయ్య అప్పటికే పండ్ల కోసం ఎగిరిపోయాడు.

చిన్నది బతికింది పిల్లలూ. కానీ అక్క ఎగిరిన చాలా రోజులకు గానీ దానికి రెక్క లేవలేదు. కొమ్మయ్య ఎంత పెట్టినా ఆ రోజులు మాత్రం వెనక్కి రాలేదు. అదిగో, మీ అమ్మ వంటింట్లోంచి దగ్గుతోంది. ఆ దగ్గు మీకు కాదు, నాకు. కుళాయి కారుతోందని ఆవిడ చెప్పినప్పుడల్లా నేనెంత బద్ధకస్తుణ్ణో సరదాగా వర్ణించి నవ్విస్తూ వచ్చాను. లేవండి, పానా ఎక్కడుందో వెతికి తీసుకురండి.

నీతి: మన తప్పు మీద మనం నవ్వుకోవడం మంచిదే. కానీ ఆ నవ్వుతో తప్పు పోదు, లేచి దిద్దుకుంటేనే పోతుంది.