దండ పడిన గూడు

తొలకరి పడి రెండు రోజులైంది. వాగు మడుగు మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ల సందడే సందడి. నోట గడ్డిపోచతో వచ్చేవాడు ఒకడు, పక్కవాడి గూట్లోంచి పోచ లాగబోయి తిట్లు తినేవాడు ఇంకొకడు. వాళ్లలో పసుపయ్యకి ఇదే మొదటి గూడు. మగవాడు గూడు సగం అల్లి ఆగాలి. ఆడపక్షి వచ్చి చూసి సరేనంటేనే మిగతా సగం, ఆ తర్వాతే సంసారం. వానాకాలం దాటిపోతే మళ్లీ ఏడాదిదాకా ఒంటరి బతుకే. ఆ బెంగతో పసుపయ్యకి తిండి సయించడం లేదు.

చెట్టుకింద పనిలేక కూర్చునే నక్క జంబన్న ఒకరోజు గొంతు సవరించుకున్నాడు.

"అల్లుళ్లూ! ఇంత కష్టపడుతున్నారు, గుర్తించే నాథుడే లేడు. నా ప్రాణం ఒప్పడం లేదు. ఎవరి సగం గూడు ముందు పూర్తయితే వాడే ఈ ఏటి విజేత. వాడి గూటికి తంగేడుపూల దండ!"

తొందరలో వేసిన ముడి గాలికి ఆగదు. గూడు రాలితే గుడ్లు ఎవరి పాలో చెప్పనక్కర్లేదు. జంబన్న ప్రేమ అంతా అక్కడుంది.

పసుపయ్య పగలంతా రెక్క వాల్చలేదు. రెండు చుట్లు వేయాల్సిన చోట ఒకటి వేసి, అందరికంటే ముందు ముగించాడు. జంబన్న ఒక కాకి చేత దండ కట్టించి, "విజయం అంటే ఇదీ!" అని మెచ్చుకున్నాడు. పసుపయ్య ఛాతీ గూటికంటే పెద్దదైంది.

మర్నాడు బంగారి అనే ఆడపక్షి వచ్చింది. దండ వంక చూడనైనా లేదు. గూటికి తలకిందులుగా వేలాడి నాలుగుసార్లు గట్టిగా ఊపింది.

"ఇది నాకొద్దయ్యా."

"వద్దా? నేను విజేతనమ్మా! దండ కనబడ్డం లేదా?"

"కనబడుతోంది. గుడ్లు దండలో పెట్టమంటావా?"

చెట్టంతా గొల్లుమంది. పసుపయ్య తల దించుకుని పక్క చేలోకి ఎగిరిపోయి, కాడి దించి నెమరేస్తున్న మైలెద్దు కొమ్ము మీద వాలాడు.

"గెలిచానా, ఓడానా, నువ్వే చెప్పు బాబాయ్."

"గెలుపు సంగతి నాకేం తెలుసురా! గెలవాలంటే పక్కన ఎవడో ఓడాలి. నేను దున్నితే ఎవడూ ఓడడు. సాళ్లు తిన్నగా పడితే 'పనైంది' అంటాడు మా రైతు. మొలకొస్తే 'కష్టం ఫలించింది' అంటాడు. గింజ ఇల్లు చేరితే 'ఈ ఏటికి గట్టెక్కాం' అని దణ్ణం పెట్టుకుంటాడు. విజయం అన్న మాట మా కొట్టంలో ఇంతవరకూ వినలేదు. ఇంతకీ వీటిల్లో నీదేది?"

పసుపయ్య ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. "మొదటిదే కాలేదు బాబాయ్."

"అయితే ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

సిగ్గు దిగమింగుకుని పసుపయ్య బంగారి దగ్గరికే వెళ్లాడు. "లోపమేంటో చెప్పమ్మా, దిద్దుకుంటాను."

"ముడి ఒంటిచుట్టు. మట్ట ఈనెకి బిగువుగా పట్టలేదు. తడిమట్టి ఒకవైపే మెత్తావు, గాలికి పల్టీ కొడుతుంది. నీ అల్లిక మాత్రం బాగుంది, అందుకే ఇంతసేపు చూశాను."

ఆ చివరిమాట పసుపయ్యకి దండకంటే తీయగా అనిపించింది. పాత గూటిని దండతో సహా అలాగే వదిలేసి, మరో మట్టకి కొత్తది మొదలుపెట్టాడు. మిగతావాళ్లకీ విషయం చెప్పాడు. అందరూ ముడులు విప్పి మళ్లీ బిగించుకున్నారు.

"గెలిచినవాడు మళ్లీ మొదలుపెట్టడమేంటల్లుడూ, నామోషీ కాదూ?" అన్నాడు జంబన్న కిందినుంచి.

"నామోషీయే మామా," అన్నాడు పసుపయ్య, అల్లిక ఆపకుండా.

ఈసారి బంగారి ఊపి చూసి, లోపలికెళ్లి కూర్చుంది. అంతకంటే సమాధానం ఏం కావాలి! కొన్నాళ్లకి గూట్లో మూడు గుడ్లు.

ఒక మధ్యాహ్నం పడమటి గాలి విరుచుకుపడింది. చెట్టు మొదలంటా ఊగింది. జంబన్న కళ్లన్నీ దండ వేలాడుతున్న గూటి మీదే. విజేత గూడు కదా, గుడ్లు అందులోనే ఉంటాయని వాడి లెక్క. అది తెగి మడుగు అంచున పడిందో లేదో, ఒక్క దూకు దూకి నోరారా కొరికాడు. నోటినిండా మట్టి! కాళ్లు పొట్టదాకా బురదలో దిగబడ్డాయి. ఉమ్ముకుంటూ, ఈడ్చుకుంటూ వాడు గట్టు ఎక్కేసరికి గాలి తగ్గింది. ఆ తర్వాత జంబన్న ఆ చెట్టు ఛాయలకి రాలేదు.

పైన ఒక్క గుడ్డూ చెదరలేదు. పసుపయ్య గూటి అంచున వాలాడు.

"ఆ రోజు నువ్వు వద్దనకపోయుంటే మన పిల్లలు వాడి నోట్లో ఉండేవాళ్లు బంగారీ. నీ రుణం తీర్చుకోలేను."

"వద్దన్నది నేనే గానీ మళ్లీ అల్లింది నువ్వే కదా. సరే, గూట్లోకొచ్చే గొట్టం అంచు జారింది, ఒక పోచ పట్రా."

పసుపయ్య ఆనందంగా ఎగిరి వెళ్లాడు.

నీతి: దండ వేసినవాడికంటే, లోపం చూపి మన పనిని నిలబెట్టినవాళ్లకే ముందు కృతజ్ఞత చెప్పుకోవాలి.