చామంతి తల్లి లేచిన చోటు

ఒకప్పుడు చామంతి కుదురు నడిమధ్యన కూడా పచ్చగానే ఉండేది. తల్లి మొక్క, చుట్టూ పిల్ల పిలకలు, అన్నీ కలిసి గంపెడు పూలు పూసేవి. ఎండిపోవడమంటే ఏమిటో వాటికి తెలియదు.

ఆ రోజుల్లో ఒక ఊళ్లో చామంతి ఉన్నది నూకాలు పెరట్లోనే. కాపరానికొచ్చేటప్పుడు పుట్టింటినుంచి ఒక పిలకని తడిగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. తర్వాత అమ్మ పోయింది, పుట్టిల్లూ కూలిపోయింది. మిగిలిందల్లా ఆ కుదురే. దానిమీద ఈగ వాలనిచ్చేది కాదు.

పిలకలు ఏటికేడు పెరిగాయి. కుదురు కిక్కిరిసిపోయింది.

"అమ్మా నూకాలూ, ఊపిరాడటం లేదే! నా పిల్లల్ని కొన్నిటిని విడదీసి ఎవరికైనా ఇయ్యి," అంది తల్లి చామంతి.

"విడదీస్తే చచ్చిపోవూ! కిమ్మనకుండా ఉండు," అంది నూకాలు.

ఇలా ఉండగా ఊరి బాటకి ఏడుపొచ్చింది. "అందరూ నన్ను తొక్కేవాళ్లే! బండి వెళ్తే దుమ్ము, గొర్రెలు వెళ్తే దుమ్ము. నా పక్కన ఒక్క పువ్వైనా ఉందా?" అని ముక్కు చీదింది.

నూకాలు పక్కింటి పైడమ్మ అది విని జాలిపడింది. తట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకరు మెట్టతామర దుంప చీల్చి ఇచ్చారు. ఇంకొకరు నేలసంపెంగ గడ్డలు విడదీసి ఇచ్చారు. చివరికి నూకాలు గుమ్మంలోకొచ్చింది.

"వదినా, నీ చామంతిలో ఒక్క పిలక!"

ఇవ్వడానికి నూకాలుకి చెయ్యి రాలేదు. లేదంటే నలుగురూ ఆడిపోసుకుంటారు. ఏం చేసిందనుకున్నారు? పెరట్లోకెళ్లి, ఒక కొస పుటుక్కున తుంచి, తుంచిన చోట మట్టి మెత్తి తెచ్చి తట్టలో పెట్టింది. వేరన్నదే లేదు! ఎలాగూ చస్తుంది, మళ్లీ ఎవరూ అడగరు. అదీ ఆవిడ తెలివి.

పైడమ్మ చూసుకోకుండా బాట పక్కన నాటేసి వెళ్లిపోయింది. బాట మాత్రం చూసింది.

"నేలతల్లీ, దీనికి వేరు ఏదీ?"

"ఇచ్చినామె బుద్ధికి మొక్కేం చేస్తుంది? ఉండు, నేను పట్టుకుంటాను," అంది నేల. తడిమట్టితో దాని కాలు గట్టిగా పట్టుకుంది. వానలు వెలిసేసరికి అక్కడ వేళ్లు పుట్టాయి.

చలికాలమొచ్చింది. బాట పక్కన చామంతి విరగబూసింది. నూకాలు పెరట్లో మాత్రం పిడికెడు పూలే. అవి రాలగానే తల్లి మొక్క వాడిపోసాగింది.

"అయ్యో, నీకేం తక్కువ చేశాను? కుండలకి కుండలు నీళ్లు పోశానే!" అంది నూకాలు.

"నీళ్లు కాదమ్మా, చోటు లేదు. అందరం ఒకే పంక్తిలో కూర్చుంటే పిల్లలకి తిండి చాలడం లేదు. ఎవరో ఒకరు లేవాలి కదా! నేను లేచాను."

అంతే. తల్లి చామంతి మళ్లీ మాట్లాడలేదు.

నూకాలు బావురుమంది. బెంగకొద్దీ ఇంకా నీళ్లు పోసింది. మిగిలిన పిలకలు కూడా కుళ్లిపోయాయి. పుట్టింటి గుర్తు పెరట్లో లేకుండా పోయింది.

చివరికి సిగ్గు చంపుకుని బాట దగ్గరికెళ్లింది. పైడమ్మ అక్కడ కలుపు తీస్తోంది.

"పైడమ్మా, ఒక్క పిలక..."

"నీ మొక్కే కదా వదినా, అడగడమేమిటి!" అని పైడమ్మ ఒక పిలకని మట్టితో సహా తవ్వి ఆవిడ ఒళ్లో పెట్టింది.

నూకాలు గబగబా మట్టి విదిల్చి చూసింది.

"ఏం చూస్తున్నావు?"

"వేరుందా అని."

"భలేదానివే! వేరు లేకుండా ఎవరైనా ఇస్తారా వదినా?" అని నవ్వింది పైడమ్మ.

నూకాలు తలెత్తలేదు. ఇంటికెళ్లి ఆ పిలక నాటింది. మరుసటి ఏడు అది పిల్లలు వెయ్యగానే, వేళ్లు తెగకుండా విడదీసి, అడగనివాళ్లకి కూడా పంచింది.

అయినా చామంతులు ఆ తల్లిని మరిచిపోలేదు. అప్పటినుంచే పూలయ్యాక కుదురు నడుమ ఎండుతుంది, చుట్టూ పిలకలు పచ్చగా లేస్తాయి. కొస తుంచి గుచ్చినా నేల పట్టుకుని వేరు పుట్టిస్తుంది. మీ పెరట్లో కుదురు మధ్య ఖాళీ కనిపిస్తే, అది తల్లి లేచిన చోటు.