సేనాపతి చెండుకర్ర

పూర్వం కుందవరం రాజ్యంలో ఏటా కర్రతో చెండును ఎవరు ఎక్కువ దూరం కొడతారనే పోటీ జరిగేది. గెలిచిన జట్టుకే కొండకింది పచ్చిక బీడు దక్కేది. ఒక ఏడు సేనాపతి రణభేరుండుడి జట్టు మీదికి మేకల కాపరులు దిగారు. వాళ్లకు పెద్ద ఎర్రక్క. కర్రల్ని పరీక్షించే అధికారం మాత్రం సేనాపతిదే.

అతను తన చండ్ర కర్రను, మందం కొలిచే ఇనుప కడియంలోంచి దూర్చి, "ఇది నియమానికి సరిపోయింది" అని చాటాడు. కాపరుల కర్రలూ కడియంలో దూరాయి. అయినా ఒకటి వంకరన్నాడు, ఒకటి పచ్చిదన్నాడు, అన్నీ పక్కన పారేయించాడు.

"కర్ర లేని జట్టు ఓడినట్టే" అన్నాడు.

ఎర్రక్క పోటీ చూస్తున్న రాజుకు దణ్ణం పెట్టింది. "మంచి కర్ర ఎంచుకోవడం మాకు చేతకాలేదు మహాప్రభూ. సేనాపతి గారి కర్రకు ఏ లోపమూ లేదని వారే చెప్పారు. మా వంతు వచ్చినప్పుడు దాంతోనే ఆడతాం."

"అది నా కర్ర" అన్నాడు సేనాపతి.

"నియమం కర్రకా, పట్టిన చేతికా దొరా?" అని నెమ్మదిగా అడిగింది ఎర్రక్క.

రాజు కర్ర ఇప్పించాడు. ఎర్రక్క కొట్టిన చెండు కోట బురుజు దాటి, ఆకాశంలో చుక్కంతై మాయమైంది. జనమంతా తలలెత్తి నిలబడిపోయారు. ఆ దెబ్బతో బీడు కాపరులదైంది.

సేనాపతి మాత్రం తలపాగా జారుతున్నా పట్టించుకోక ఇంకా అటే చూస్తూ, "నా కర్రకు ఇంత బలముందని నాకే తెలియదు" అన్నాడు.