కన్నంలోంచి వెనక్కి వచ్చిన కుంకుడు గింజలు

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం కూడా మునిమాపులా ఉండే లోయ ఒకటి ఉంది. ఆ లోయలో ఒక ముళ్లపంది ఇల్లు ఉంది. ఇల్లంటే బొరియ. ముందొక గది, నడిమినొక గది, వెనకొక గది. వెనక గది గోడకి ఒక కన్నం. ఎప్పుడో ఒక పెద్ద చెట్టు వేరు కుళ్లిపోయి, అక్కడ ఖాళీ మిగిలింది. అది ఎంత దూరం పోతుందో ఎవరికీ తెలీదు. లోపలి నుంచి చల్లగాలి వచ్చేది, ఆగేది. మళ్లీ వచ్చేది, ఆగేది. ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు.

అప్పుడే దుప్పటి కప్పుకోకండి. ఇంకా ఏమీ కాలేదు.

ఆ ఇంట్లో సూదమ్మ, ఆమె కొడుకు చిటుకు ఉండేవారు. చిటుకుగాడి ముళ్లు ఇంకా గట్టిపడలేదు. ముట్టుకుంటే వంగిపోయేవి. ప్రశ్నలు మాత్రం మహా వాడి!

"అమ్మా, చీకటి ఎక్కడ పడుకుంటుంది?"

"అమ్మా, కన్నానికి అవతలి కొస ఉంటుందా?"

మీలోనూ ఒకరున్నారు, అచ్చం ఇలాగే. పేరు చెప్పనులెండి.

సూదమ్మకి ఊపిరాడని పని. అందుకని అన్నిటికీ ఒకే మందు కనిపెట్టింది. దుంప తినకపోతే బూచి. పడుకోకపోతే బూచి. చెవులు తోమించుకోకపోతే బూచి. వెనక గది కన్నానికీ అదే మందు.

"అటు పోయావో, బూచి పట్టుకుపోతుంది!"

పక్క బొరియలో అలుగమ్మ ఉండేది. ఒంటినిండా పొలుసులు, మూరెడు నాలుక. మట్టి తవ్వడంలో, కన్నాలు పూడ్చడంలో ఆమెకి సాటి లేదు.

"వదినా, ఆ కన్నం చూస్తే నాకే ఒళ్లు జలదరిస్తోంది. నాలుగు రాళ్లు తెచ్చుకో, మట్టి నేను మెత్తుతాను. ఒక్క పూట పని" అంది అలుగమ్మ.

"ఎందుకులే వదినా! బూచి ఉందని చెప్పేశాను. ఇంక వాడు అటు తొంగి కూడా చూడడు" అంది సూదమ్మ.

"ఎవరూ? మన చిటుకుగాడే?" అంది అలుగమ్మ. అని నాలుక కరుచుకోబోయింది. పాపం, అలుగులకి పళ్లుండవు కదా!

మూల కూర్చుని చిటుకుగాడు అంతా విన్నాడు. ఆలోచించాడు. దుంప పారేసిన రోజు బూచి రాలేదు. మేలుకుని ఉన్న రోజూ రాలేదు. దానికి దారి తెలీదేమో! అయితే తనే వెళ్లి చూడాలి.

వాడి దగ్గర ఆడుకోవడానికి మూడు కుంకుడు గింజలున్నాయి.

మొదటి రోజు అమ్మ దుంపల కోసం బయటికి వెళ్లగానే, ఒక గింజని కన్నంలోకి దొర్లించాడు. టక్... టక్... టక్... టక్... ఎంతో దూరం పోయింది. తర్వాత నిశ్శబ్దం.

రెండో రోజు రెండో గింజ. టక్... టక్... అంతే. మెత్తటి దేనిమీదో పడ్డట్టు ఆగిపోయింది. ఆ రోజు కన్నంలోంచి చల్లగాలి రాలేదు.

మూడో రోజు ముసురు పట్టింది. అమ్మ వెళ్లింది. చిటుకుగాడు మూడో గింజ పట్టుకుని కన్నం ముందు నిలబడ్డాడు. ఇంకా వదల్లేదు. అయినా చప్పుడైంది.

టక్... టక్... టక్.

మొదటి గింజ తనంతట తానే దొర్లుకుంటూ వచ్చి వాడి కాలి దగ్గర ఆగింది. వెనకాలే రెండోది. రెండూ తడిగా ఉన్నాయి.

"ఎ... ఎవరూ?"

"బూచిని" అంది ఒక గొంతు. వెన్నలా మెత్తగా ఉంది.

"నువ్వు నిజంగానే ఉన్నావా?"

"మీ అమ్మ రోజూ పిలుస్తుంటే రాకుండా ఎలా ఉంటాను నాన్నా?"

"మరి దుంప పారేసినప్పుడు రాలేదేం?"

"దుంపలు నాకు పడవు."

"నీకు కొమ్ములుంటాయా?"

"తల లోపలికి పెట్టి చూసుకో. అవునూ, నీ ముళ్లు గట్టిపడ్డాయా?"

"ఇంకా లేదు."

"మంచిది" అంది గొంతు.

చిటుకుగాడు తల లోపలికి పెట్టాడు. చేతిలో గింజ జారి చీకట్లోకి పోయింది. అంతలో ఆ చీకటే కదిలింది. చల్లగా, బరువుగా ఏదో వాడి నడుం చుట్టూ చుట్టుకుంది. "అమ్మా" అందామనుకున్నాడు. ఊపిరి బయటికి పోయింది కానీ మళ్లీ లోపలికి రాలేదు.

అదే సమయానికి, దుంపల చోటు నీటమునగడంతో సూదమ్మ వట్టి చేతులతో వెనక్కి వచ్చింది.

"చిటుకూ!"

ఒక పిలుపుకి మూడు ప్రశ్నలు వేసే ఇంట్లో ఒక్క మాట లేదు. సూదమ్మ వెనక గదిలోకి పరిగెత్తింది. కన్నంలోంచి రెండు చిన్న కాళ్లు వేలాడుతున్నాయి. నడుం మీద కొండచిలువ చుట్ట బిగుస్తోంది.

ముళ్లపందులు ఎదురుగా పోరాడవు. సూదమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకుంది. వెనక్కి పరిగెత్తి, ఆ చుట్టలో కసుక్కున దిగింది. బుస్సుమని చీకటి అరిచింది. చుట్ట వదులైంది. బిడ్డ కింద పడ్డాడు.

ఊపిరి రాగానే వాడి మొదటి మాట ఏమిటో తెలుసా? ప్రశ్నే!

"అమ్మా, బూచికి చేతులుండవా?"

సూదమ్మ ఏడుస్తూ నవ్వింది. "అది బూచి కాదురా. కొండచిలువ. చుట్టి మింగేస్తుంది. బూచి అనేది లేనే లేదు. నేనే అబద్ధం చెప్పాను."

"ముందే ఈ మాట చెప్తే నేను వెళ్లేవాణ్ణే కాదుగా?"

"వెళ్లేవాడివే! అందుకే నిజమొక్కటే చాలదు, రాళ్లు కూడా కావాలి" అంది సూదమ్మ.

ఆ పూటే అలుగమ్మ వచ్చింది. సూదమ్మ రాళ్లు పేర్చింది, అలుగమ్మ మట్టి మెత్తింది, చిటుకుగాడు గులకరాళ్లు అందించాడు. కొండచిలువ చుట్టిన చోట వాడి నడుం మీది ముళ్లన్నీ రాలిపోయాయి, అవి మాత్రం మళ్లీ మొలవలేదు.

ఇప్పటికీ ముసురు పట్టిన రోజున ఆ గోడ వెనక చప్పుడవుతుంది. టక్.

"చిటుకూ... నీ మూడో గింజ నా దగ్గరే ఉంది. ఆడుకుందామా?"

"ఉండు, మా అమ్మని అడిగి చెప్తా" అంటాడు చిటుకుగాడు. "అమ్మా!" అని గట్టిగా కేకేస్తాడు.

గోడ వెనక ఏదో బరువుగా ఈడ్చుకుంటూ దూరంగా వెళ్లిపోతుంది.

నీతి: బూచి ఉందంటే చిన్నపిల్లలు ఆగరు, చూడ్డానికి వెళ్తారు. అపాయానికి రాయి అడ్డం పెట్టాలి, పిల్లలకి నిజం చెప్పాలి.