వాన కొలిచే సూరమ్మ, కల చెప్పిన బయ్యన

ఒకానొక కొండ రాజ్యంలో మబ్బులు గవాక్షాల్లోంచి నేరుగా కొలువులోకి వచ్చేసేవట. మాట్లాడుతూ మాట్లాడుతూనే మంత్రిగారు మాయం, కాసేపటికి మళ్లీ ప్రత్యక్షం. నేను చూశానా అంటారా? మా తాత చెప్పాడు. ఆయనా చూడలేదనుకోండి.

ఆ రాజు పేరు నీలధ్వజుడు. మంచివాడే, కాని పొగడ్త అంటే చెవి కోసుకుంటాడు. ఆస్థాన పండితుడు విశ్వంభర శాస్త్రి అది కనిపెట్టి ఒక సిద్ధాంతం అల్లాడు. వాన రాజుగారి మనసులోంచి పుడుతుందట! రాజు నవ్వినప్పుడు పడిందా, అది ఆనందవర్షం. కోపంలో ఉండగా పడిందా, మబ్బు భయపడి ఏడ్చింది. అసలు పడనే లేదా, ప్రభువుల తేజస్సు చూసి మబ్బుకి సిగ్గేసింది. ఇక తప్పేదెక్కడ? రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

అదే కోటలో సూరమ్మ అనే ఆవిడ వాన కొలిచేది. బురుజు మీద రాతి తొట్టి పెట్టి, రోజూ పొద్దున్నే అందులో ఎన్ని వేళ్ల నీరుందో చూసి, తాడుకి అన్ని ముడులు వేసేది. అలాంటి తాళ్లు ఇరవై ఏళ్లవి ఉన్నాయి ఆమె దగ్గర. వాటిని తడిమి చూసి, విత్తనాలు ఎప్పుడు చల్లాలో రైతులకు చెప్పేది.

"సిద్ధాంతం ఉండగా తాళ్లెందుకు మహాప్రభో? తగలబెట్టించండి. తొట్టి గుర్రాలకు పనికొస్తుంది," అన్నాడు శాస్త్రి. రాజు సరేనన్నాడు.

అక్కడే ఉన్న సూరమ్మ తాళ్ల మూట ఒళ్లో పెట్టుకుని కొలువులోనే కూలబడింది. "ఇరవై ఏళ్ల ఆకాశం దొరా అది! కాల్చేస్తే మళ్లీ ఎక్కణ్ణించి తెచ్చేది?" అని భోరుమంది.

రోజూ పొద్దున్నే రాజుకొచ్చిన కలకి అర్థం చెప్పడానికి ఆ కొలువులో బయ్యన అనే ఆయన ఉండేవాడు. సూరమ్మ ఏడుపు అతను చూడలేకపోయాడు. లేచి, తీరిగ్గా ఆవులించి, "ప్రభూ, ఇవాళ నా కల చెప్పమంటారా?" అన్నాడు.

"చెప్పు."

"ఇదే ప్రభూ. ఈ కొలువు, ఈ మబ్బులు, తమరు, శాస్త్రిగారు, అంతా నా కల. నేను ఇంట్లో మంచం మీద నిద్రపోతున్నాను."

అప్పుడే ఒక మబ్బు సభ మధ్యలోంచి మెల్లగా పోతోంది. ఒక్క క్షణం అందరికీ నిజమేనేమో అనిపించింది. రాజు తన చెయ్యి తనే తడుముకున్నాడు.

శాస్త్రి మండిపడ్డాడు. "గిల్లుతాను! నొప్పి పుడితే కల కాదని ఒప్పుకుంటావా?"

"కలలో నొప్పి ఉండదా శాస్త్రిగారూ? మొన్న కలలో తేలు కుట్టి గంతులేశాను."

"నా చిన్నతనం నాకు గుర్తుందే!"

"మీకు గుర్తున్నట్టే నాకు కల వచ్చింది మరి."

"నీ కలే అయితే సింహాసనం మీద నువ్వెందుకు లేవు?" అన్నాడు రాజు.

"నాకు కలలో కూడా అంత అదృష్టం లేదు ప్రభూ."

రాజుకి ఒళ్లు మండింది. "నీ తల తీయిస్తాను!"

"అయ్యయ్యో, వద్దు ప్రభూ! నాకు మెలకువ వచ్చేస్తుంది. తమరంతా ఏమైపోతారు?"

సభంతా ముసిముసిగా నవ్వింది. రాజు సింహాసనాన్ని గుద్ది, "ఇదేం వాదనయ్యా! ఏం జరిగినా నీదే నెగ్గుతుంది. తప్పని తేల్చే దారే లేని మాట విని మాకేం తెలిసినట్టు?" అన్నాడు.

బయ్యన చేతులు జోడించాడు. "వాన పడ్డా, పడకపోయినా నెగ్గే సిద్ధాంతం విన్నా అంతే ప్రభూ. రేపు గొడుగు పట్టుకెళ్లాలో లేదో కూడా అది చెప్పదు. సూరమ్మ తాడు తప్పచ్చు. తప్పితే ఆ తొట్టే చెప్పేస్తుంది. అందుకే రైతు దాన్ని నమ్ముతాడు."

రాజు సూరమ్మ వైపు తిరిగాడు. శాస్త్రి నెమ్మదిగా మబ్బు చాటుకి జరిగాడు.

"అమ్మా, వాన ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు రాజు.

సూరమ్మ కళ్లు తుడుచుకుని తాళ్లు తడిమింది. "నాలుగో రోజుకి రావాలి దొరా. రాకపోతే నేను తప్పినట్టే."

నాలుగో రోజు చినుకు లేదు. శాస్త్రి ముఖం వెలిగిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. సూరమ్మ తడిసి ముద్దయి కొలువులోకి పరుగెత్తుకొచ్చింది. "ఒక రోజు తప్పాను దొరా! ఎదురుగాలి సంగతి చూసుకోలేదు. ఈసారి గాలికి కూడా ఒక తాడు పెడతా!" అని సంబరంగా కేకేసింది.

తప్పానన్న మాట ఆ కొలువులో వినబడటం అదే మొదలు. నీలధ్వజుడు కడుపు పట్టుకుని నవ్వాడు. కల చెప్పినందుకు బయ్యనకు పట్టుశాలువా కప్పించాడు. తర్వాత తన చేతి కంకణం తీసి సూరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది నీ తప్పుకి తల్లీ," అన్నాడు.